హోప్ టౌన్ పుట్టిల్లు

మేనమామ సగం తల్లి అంటారు మా వైపు. మిగతా సగం కూలీ అని మాత్రం ఎవరూ చెప్పరు. మా అక్క సువార్తమ్మ నన్ను అండమాన్ పంపినప్పుడు నెత్తిన ఒక రేకుపెట్టె, చేతుల్లో రెండు డబ్బాలు, చంకలో గొడుగు, రెండు చెవుల నిండా హెచ్చరికలు పెట్టి పంపింది. వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ భీమిలిలో ఎదురుపడిన ప్రతివాళ్లూ జైలు చూశావా అనే అడుగుతున్నారు. చూడలేదు. జైలు చూసే తీరిక లేకుండా ఒక పుట్టింటి తగవులో ఇరుక్కున్నాను. అదెలాగో చెప్తాను, వినండి.

అక్కకి ఒక్కతే కూతురు, కరుణ. దాన్ని హోప్ టౌన్ కుర్రాడు జోసెఫ్‌కిచ్చాం. పోర్ట్ బ్లెయిర్ రేవుకి అవతలి ఒడ్డున ఉన్న ఊరది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కళింగపట్నం వైపు నుంచి చేపల వేటకీ కూలికీ వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు వాళ్లు. మాలాగే చర్చివాళ్లు. జోసెఫ్ దీవిలోనే పుట్టాడు, రేవు దాటించే ఫెర్రీలో ఇంజను దగ్గర పని. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇప్పుడు కరుణకి ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా ఇళ్లలో బైబిల్లో లేని పదకొండో ఆజ్ఞ.

మరి అక్కే వెళ్లి తెచ్చుకోవచ్చుగా అంటారేమో. మా బావ ఒక పొద్దున్న వేటకి వెళ్లాడు, పడవా రాలేదు, ఆయనా రాలేదు. ఆనాటి నుంచి అక్క పడవ చెక్క మీద కాలు పెట్టలేదు. ఊరి పక్క ఏరు దాటాల్సి వచ్చినా చుట్టూ తిరిగి రోడ్డునే వెళ్తుంది. అందుకని నేను. హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని, వేసవి సెలవులు, గొంతు తప్ప వేరే ఆస్తి లేదు. సారె ఇచ్చి, తిరుగు ఓడలో పిల్లని తీసుకురావాలి, ఇదీ నా పని. ఆ ఓడ తప్పితే తర్వాతది వచ్చేసరికి పిల్లకి నెలలు నిండిపోతాయి, ఎక్కనివ్వరు.

ఓడ మీద

విశాఖలో ఓడెక్కిన తొలిరోజు నేను తోటి ప్రయాణికులకి సముద్రం మీద కడుపు తిప్పకుండా ఎలా నిలబడాలో నేర్పాను. కాళ్లు ఎడం, ఛాతీ ముందుకి, చూపు దూరంగా. రెండోరోజు నేను మంచం మీద అడ్డంగా పడి ఉంటే నా శిష్యులందరూ నా తలకి నిమ్మకాయ రాశారు.

పక్క మంచం వాడు రాంచీ మనిషి, పేరు బుధువా. వాళ్ల నాన్న ఇంగ్లీషువాళ్ల కాలంలోనే అండమాన్ అడవిలో చెట్లు కొట్టడానికి వెళ్లాడట. స్వదేశం చూసి తిరిగి వెళ్తున్నాడు. నాకు కాస్త తెప్పరిల్లాక ఒక గుడ్డమూట విప్పి, తిను భయ్యా అని ఒకటి చేతిలో పెట్టాడు. చూద్దును కదా, అరిసె. బియ్యప్పిండి, బెల్లం, నూనె, అచ్చం మన అరిసె. ఇది మాది అన్నాను. కాదు, వాళ్లమ్మ చేసిందన్నాడు. పేరు కూడా అర్సా అట. వాళ్లు మా దగ్గర నేర్చుకున్నారో మేము వాళ్ల దగ్గర నేర్చుకున్నామో తేల్చడానికి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఒకటి తింటే న్యాయం తేలదని మూటలో సగం తిన్నాను. మా వాటికంటే మందంగా ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు, మూట అతనిది కదా.

అక్క చేసిన చలిమిడి డబ్బా కూడా తెరిచి చూశాను. ఓడ వేడికి పైపొర గట్టిపడి రోకలి కావాల్సిన స్థితికొచ్చింది. లోపల బాగానే ఉంది. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటి చలిమిడి తినిపిస్తే కడుపు చల్లగా ఉంటుందని మా నమ్మకం. అడుగున వేలు పెట్టి రుచి చూసి, మళ్లీ నున్నగా సర్దేశాను.

మిడిల్ పాయింట్

రేవులో జోసెఫ్ ఎదురొచ్చాడు. నా పెట్టె అందుకుని, "మావయ్యా, ఫికర్ లేదు. పహలే చాయ్ తాగేసి, తర్వాత బోట్ పట్టుకుందాం" అన్నాడు. తెలుగు బండికి హిందీ చక్రాలు బిగించినట్టుంది. అయినా నాకు ప్రతి ముక్కా అర్థమైంది.

మిడిల్ పాయింట్‌లో ఒక మలబారు ముసలాయన నడిపే చాయ్ కొట్టుకి నన్ను తీసుకెళ్లాడు. ఆ కొట్లో ఒక బల్ల దగ్గర బెంగాలీలు, ఇంకో బల్ల దగ్గర తమిళులు, మూలన మనవాళ్లు. అందరూ అందరితో హిందీలో పోట్లాడుకుంటున్నారు. ఎవరి హిందీ వాళ్లది. మా వైపు కొబ్బరికాయ కొని ఉల్లిపాయ కొసరు అడుగుతాం. ఇక్కడ కొబ్బరికాయ కొసరు, ఉల్లిపాయ కొనాలంటే గుండె చిక్కబట్టుకోవాలి. ఓడలో రావాలి కదా.

గ్లాసులు తీసే అమ్మాయి, మా పెద్దమ్మాయి ఈడుది, నన్ను భయ్యా అని పిలిచింది. జుట్టుకి రంగు వేసుకొచ్చిన కష్టం ఊరికే పోలేదని మురిసిపోయాను. తర్వాత నా పక్కన కూర్చున్న పళ్లు లేని తాతని కూడా భయ్యా అనే పిలిచింది. దీవుల్లో మగవాళ్లందరూ భయ్యాలే, ఆడవాళ్లందరూ దీదీలే. మనకైతే బాబాయి, పెదనాన్న, వదిన, మరదలు అని వరస తేలేసరికి చాయ్ చల్లారిపోతుంది.

హోప్ టౌన్

కరుణ చిక్కి శల్యమై ఉంటుందని అక్క ఓడరేవు దాకా ఏడ్చింది. చెక్క ఇంటి గుమ్మంలో నిలబడ్డ పిల్ల నిండుగా, బుగ్గలు మెరుస్తూ ఉంది. నాకు కాస్త నిరాశ కలిగిన మాట నిజం. పిల్ల చిక్కి ఉంటే నా రాకకి విలువ ఉండేది.

కంచం ముందు కూర్చున్నాను. గోంగూర వడ్డించింది. గోంగూర అంటే తెలుగువాడి సొత్తని ప్రపంచానికి చాటుతున్నవాణ్ని. ముద్ద నోట్లో పెట్టాక ఏదో తేడా కొట్టింది. వెదురుమొలకల ముక్కలు, ఎండురొయ్యలు, వాటికి తోడు ఒక ఘాటు వాసన. మా రొయ్యపొట్టుని నెలల తరబడి కుండలో పెట్టి మరిచిపోతే వచ్చే వాసన.

"ఏటిది?" అన్నాను.

"రూతు దీదీ పంపినాది మావయ్యా. పక్కిల్లే" అంది కరుణ.

రూతు కరెన్ జాతి మనిషి. వాళ్ల పెద్దలు బర్మా నుంచి వచ్చి ఉత్తరాన మాయాబందర్ వైపు ఊళ్లు కట్టుకున్నారట. ఈమె భర్త ఐజక్ దోనెలు చెక్కే పనిమీద ఇటు వచ్చి స్థిరపడ్డాడు. వాళ్లూ చర్చివాళ్లే, పాటలు వాళ్ల భాషలో. గోంగూర వాళ్ల బర్మా కూరేనట. నేనేదో పేటెంటు పోగొట్టుకున్నట్టు కూర్చుంటే, కరుణ మాత్రం మూడోసారి వడ్డించుకుంటోంది. అక్క ఇచ్చిన గోంగూర పచ్చడి జాడీ మూత కూడా తియ్యలేదు. ఆ సంగతి అక్కకి చెప్పకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను. ఆ కూర నేను కూడా రెండోసారి వేసుకున్న సంగతి అసలే చెప్పకూడదు.

మర్నాడు కరుణని ఆస్పత్రికి చూపించడానికి మొగుడూ పెళ్లాం అవతలి ఒడ్డుకి వెళ్లారు. సారె సంగతి వచ్చాక చూద్దాం మావయ్యా అని చెప్పి మరీ వెళ్లింది. నేను ఊరుకుంటేనా. మా ఊళ్లో సారె వచ్చిందంటే వీధి వీధంతా పంచాలి, ఎంతమందికి పంచితే పుట్టింటికి అంత పేరు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, పళ్లెంలో చలిమిడి ముద్దలు, మినపసున్నుండలు పెట్టుకుని బయల్దేరాను. ప్రతి గుమ్మం ముందు అటెన్షన్‌లో నిలబడి, మైదానం అవతలికి వినబడే గొంతుతో, డ్రిల్లు పుస్తకంలో నేర్చుకున్న హిందీలో చాటాను. కరుణ పుట్టింటివాళ్లం వచ్చాం, ఇదిగో సారె, వచ్చే ఓడలో పిల్లని పురిటికి తీసుకుపోతున్నాం, అని.

అందరూ పళ్లెంలోకి చూడాల్సింది పోయి రూతు ఇంటివైపు చూశారు. అదేమిటో నాకు తట్టలేదు. తీపి అంటే మొహమాటపడుతున్నారు కాబోలు అనుకుని తలో రెండు ఎక్కువ పెట్టాను. చివర రూతు గుమ్మం. సన్నటి మనిషి, నలభై దాటి ఉంటాయి. రెండు చేతులతో అందుకుంది, తల వంచింది. ఎంత మర్యాద అనుకుని విజిలేసుకుంటూ వచ్చాను.

సాయంత్రం కరుణ వచ్చి, వీధిలో ఎవరో చెప్పగా విని, గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చింది. రోజూ పక్కింటి నుంచి వచ్చే గిన్నె ఆ పూట రాలేదు.

జోసెఫ్ చెప్పిన సంగతి ఇది. తొలిరోజుల్లో నెలకో రెండు నెలలకో ఒక ఓడ. సముద్రం అవతల నుంచి కోడలిగా వచ్చిన పిల్ల పురిటికి పుట్టింటికి వెళ్లే మాటే లేదు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కొత్తకోడలు దిగిన మొదటి ఆదివారం వీధిలో ఒకామె ఆ పిల్లకి అన్నం కలిపి తినిపించి కూతురిగా తీసుకుంటుంది. ఆ ఇల్లే దీవిలో దానికి పుట్టిల్లు. సారె ఇచ్చేది వాళ్లు, పురుడు పోసేది వాళ్లు. అదీ సొంత జాతివాళ్లు కాకూడదు. సొంతవాళ్లయితే వరసలూ, పాత పగలూ బయటికొస్తాయి. వేరేవాళ్లయితే తిట్టుకున్నా సగం అర్థం కాదు, కాపురం చల్లగా ఉంటుంది. కరుణని తీసుకున్నది రూతు. ఆమెకి చెప్పకుండా వేరేవాళ్లు సారె పంచి పిల్లని తీసుకుపోతామని చాటితే ఆ పుట్టింటిని తెంచుకున్నట్టే లెక్క.

నేను పళ్లెం పట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్లి దాన్ని తెంచి వచ్చాను. ఆఖర్న ఆమె చేతిలోనే ఒక ముద్ద పెట్టి.

చౌల్దారీ

మర్నాడు పొద్దున్నే, దీనికి దారి చెప్పే మనిషి ఉందంటూ జోసెఫ్ నన్ను చౌల్దారీ అనే పల్లెకి తీసుకెళ్లాడు. వరిమళ్లు, అరటితోటలు, చెరువులో బాతులు. కాసేపు కోనసీమలో ఉన్నాననుకున్నాను. బాతుల్ని అదిలించే మాట విన్నాక బెంగాల్లో ఉన్నాననుకున్నాను. దేశం ముక్కలైనప్పుడు అన్నీ వదులుకొని వచ్చినవాళ్లకి సర్కారు ఇచ్చిన పొలాలవి.

అక్కడ ఒక ముసలమ్మని జోసెఫ్ దిదిమా అని పిలిచి కాళ్లకి దణ్ణం పెట్టాడు. దిదిమా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. ఆవిడ కొన్నాళ్లు హోప్ టౌన్‌లో ఉన్నప్పుడు జోసెఫ్ తల్లిని కూతురిగా తీసుకుందట. కళింగపట్నం అమ్మాయికి బెంగాలీ పుట్టిల్లు. జోసెఫ్ పుట్టింది ఈవిడ చేతుల్లోనే. మనవడికి ఆవపిండి వేసిన చేపల పులుసు పెట్టింది, నాకు నిలదీతలు పెట్టింది. గుమ్మాల ముందు సరిగ్గా ఏమన్నావో చెప్పమంది. చెప్పాను. అంత గట్టిగానా అంది. అంతే గట్టిగానన్నాను. చాలాసేపు నవ్వింది. నాకు పులుసు పెట్టాక నవ్వి ఉంటే బాగుండేది.

తర్వాత ఆవిడ చెప్పింది జోసెఫ్ తెలుగు చేసి వినిపించాడు. రూతుకి కోపం సారె మీద కాదు. తన కూతుర్ని ఎవరో తీసుకుపోతున్నారన్న కబురు వీధిలో అందరికంటే చివర తనకి తెలిసింది, అదీ బాధ. ముందు ఆమె గడపలోకి వెళ్లి మాట అడగాలి. ఆమె మన్నిస్తే, ఏయే గుమ్మం ముందు అరిచావో ఆయా గుమ్మం ముందు నిలబడి, అంతే గట్టిగా, ఆ పుట్టిల్లు ఉందని చెప్పాలి. నాలుగిళ్లు చాలవా అని బేరమాడి చూశాను. ఒక్క ఇల్లు కూడా తగ్గించలేదు.

దారిలో నేను వేరే లెక్క వేసుకున్నాను. రూతుకి క్షమాపణ చెప్పేసి, సామాను సర్దించి, పిల్లని ఓడెక్కించేస్తే సరి. అక్కకీ మాట దక్కుతుంది, నాకూ వీధి తిరిగే పని తప్పుతుంది. తెలివిగలవాణ్ని అనుకున్నాను.

రూతు ఇల్లు

రూతు ఇంట్లో అడుగు పెట్టగానే ఆ తెలివి ఆవిరైపోయింది. వెనకగది ఊడ్చి అలికి ఉంది. ఒక మూల పొగరాని కట్టెలు సన్నగా చీల్చి ఎండబెట్టి పేర్చారు. పురిటాలి మంచం పక్కన సన్నటి సెగ ఉండాలట, మా అమ్మ కూడా అదే అనేది. చాట నిండా ఎండిన పసుపుకొమ్ములు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతబట్టలు మడతలు పెట్టి ఉన్నాయి. మగ్గం మీద చారల దుప్పటి ఒకటి, పొత్తిళ్లకే అయ్యుంటుంది, సగంలో ఆగి ఉంది. మా అక్క కూడా భీమిలిలో వెనకగది సున్నం కొట్టించి, పసుపు ఎండబెట్టి కూర్చుంది. రెండు ఇళ్లల్లో ఒకే గది. నాకు నిజంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డ్రిల్లు మాస్టరు ఏడిస్తే చూడ్డానికి బాగుండదని పైకప్పు వైపు చూశాను.

కరుణ నా వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది. చాప మీద కూర్చుని, నాకు వచ్చిన హిందీ అంతా కూడగట్టి, తెలియక చేశాను దీదీ, మన్నించమన్నాను. ఆ తర్వాత, మా అక్క కూడా ఇలాగే గది సర్దుకుని ఎదురుచూస్తోంది, పిల్లని పంపించండి అన్నాను.

రూతు మగ్గం మీద వదులైన దారం ఒకటి సర్దింది.

"భయ్యా, నన్నెందుకు అడుగుతారు? నన్ను అడగలేదని నేను రోయా, ఏడ్చినా" అంది తనకొచ్చిన తెలుగులో. "కరుణ కో పూఛా? ఆమెని ఎవరైనా అడిగినారా?"

అడగలేదు. అక్క అడగలేదు, నేను అడగలేదు. సారెలో చలిమిడి దగ్గర్నుంచి జడపిన్నుల దాకా అన్నీ గుర్తుంచుకుని పట్టుకొచ్చాను, ఆ ఒక్క ప్రశ్న తప్ప. వెనక్కి తిరిగి చూశాను.

కరుణ తలుపు పట్టుకుని నిలబడే చెప్పింది. "అమ్మ కావాల మావయ్యా. పొద్దున్న లేస్తే అమ్మే గుర్తొస్తాది. కానీ అమ్మ ఎక్కలేని ఓడ నన్నెలాగ ఎక్కమంటాది? ఒచ్చినప్పుడు ఒక్కదాన్ని ఒచ్చినాను. ఇప్పుడు ఇద్దరం. నాన్న ఎల్లిన నీళ్ల మీద దీన్ని మోసుకుని నేను రాలేను."

దానికి కూడా భయమని నాకు అప్పటిదాకా తెలీదు. పెళ్లయి వచ్చేటప్పుడు ఓడ మెట్ల మీద నవ్వుతూ చెయ్యూపింది. తల్లి ముందు నవ్వడం దాని చిన్నప్పటి అలవాటు.

ఇక నేను అక్క గొంతుతోనే మాట్లాడాల్సి వచ్చింది. అక్క ఆ మాట చెప్పమనలేదు. తెలిస్తే నా వీపు చీరేస్తుందని కూడా తెలుసు. అయినా చెప్పాను, మా పిల్ల పురుడు మీ చేతుల్లోనే పెడుతున్నాం దీదీ అని. రూతు లేచి కరుణని పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు ఒక గిన్నె నిండా గోంగూర పెట్టింది. శిక్షో మన్ననో తెలీదు, మొత్తం తిన్నాను.

ఆ సాయంత్రం మళ్లీ వీధి. ఈసారి చేతిలో పళ్లెం లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ప్రతి గుమ్మం ముందు అటెన్షన్‌లో నిలబడి, కరుణ దీవి పుట్టిల్లు రూతు దీదీ ఇల్లే, పురుడు అక్కడే, నిన్న నేనన్నది వెనక్కి తీసుకున్నాను, అని అరిచాను. మొదటి ఇంటివాళ్లు గంభీరంగా విన్నారు. మూడో ఇంటికి వచ్చేసరికి వీధి చివరిదాకా అందరూ బయటికొచ్చి అరుగుల మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. ఒకాయన సరిగా వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయని తర్వాత తెలిసింది. చివరికి వచ్చేసరికి నా గొంతు పోయింది గానీ, ఒకరు బాతుగుడ్లు, ఒకరు బొప్పాయి, ఒక మలబారు ఆవిడ బియ్యపురొట్టెలు తెచ్చి రూతు గుమ్మంలో పెట్టారు. సారె మళ్లీ మొదలైందన్నమాట, ఈసారి సరైన గుమ్మంలో.

తిరుగు ఓడలో నేనొక్కణ్నే ఎక్కాను. కాళ్లు ఎడం పెట్టి నిలబడమని ఎవరికీ నేర్పలేదు.

భీమిలి

అక్క బస్టాండుకి వచ్చింది. నా వెనకాల ఎవరూ దిగకపోవడం చూసి, బస్సు ఖాళీ అయ్యేదాకా అలాగే చూసింది. నా చేతిలో గొడుగు అందుకుని ఇంటికి దారితీసింది. సున్నం కొట్టిన గది తలుపు తీసే ఉంది.

అక్క చింతపండు ముందేసుకుని కూర్చుంటే దాచకుండా మొత్తం చెప్పాను, పళ్లెం పట్టుకుని అరిచిన దగ్గర్నుంచి. కరుణ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించాను. గొంతు తగ్గించినంత మాత్రాన మాట తగ్గుతుందా. అమ్మ ఎక్కలేని ఓడ నన్నెలాగ ఎక్కమంటాది అన్నదగ్గర అక్క చేతిలో చింతపండు ఆగింది. మళ్లీ గింజలు తియ్యడం మొదలుపెట్టింది. పోనీ వచ్చే ఓడకి నువ్వే వెళ్లకూడదా, నేను తోడు వస్తాను అన్నాను. వినబడనట్టే ఉంది. నా మీద అరుస్తుందని ఎదురుచూశాను. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది.

చీకటి పడ్డాక అడిగింది. "ఆవిడ పేరేటన్నావు?"

"రూతు."

"రూతు" అని తనలో అనుకుంది.

మా ఇంట్లో రాత్రి అన్నాలకి ముందు ప్రార్థన ఉంటుంది. అక్క చేస్తుంది. కరుణ అత్తింటికి వెళ్లిన నాటి నుంచీ మొదట వచ్చే పేరు కరుణదే, అది మారింది లేదు. ఆ రాత్రి అక్క మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుంది. తర్వాత, "తండ్రీ, రూతమ్మ చేతులకి బలమియ్యి. ఆవిడకి నిద్దర చాలాల. ఆవిడ పొయ్యి కాడ కట్టెలు తడవకుండా చూడు" అంది. ఆ తర్వాతే, కరుణ. ఆ తర్వాత అల్లుడు, కడుపులో బిడ్డ, ఐజక్ దోనెలు, చౌల్దారీ ముసలమ్మ, సముద్రం మీద ఉన్నవాళ్లందరూ.

నా పేరు మాత్రం ఎక్కడా రాలేదు. ఆమెన్ గట్టిగా అన్నాను.